కరీమా జ్వరం వెంట పల్నాడులో

పల్నాడు వెళ్తున్నామంటే మా కాకినాడలో ఎవరూ ఎందుకని అడగలేదు. మజ్జిగ ఎక్కువ తాగమన్నారు, కూరల్లో కారం చూసుకుని వడ్డించుకోమన్నారు. మా ఆయనైతే "మా అక్కతో వెళ్తున్నావుగా, అంతకంటే ఘాటు అక్కడేముంటుంది" అని నవ్వి పేపరు తిప్పుకున్నాడు.

ఆయన అక్కంటే మా వసంత వదిన. విశాఖపట్నంలో ఒక వైద్య కళాశాలలో సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది. రోగుల్ని చూసే డాక్టరు కాదు, రోగం తెచ్చే క్రిముల్ని పెంచి వాటి గుట్టు చూసే మనిషి. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చేస్తుంటారండీ అని అడిగితే "మేకల జ్వరం మీద పరిశోధన" అంటుంది. అడిగినవాళ్ళు వెంటనే పులిహోర వైపు వెళ్ళిపోతారు. తనతో చదువుకున్నవాళ్ళు క్యాన్సర్ పరిశోధనలోకీ టీకాల కంపెనీల్లోకీ వెళ్ళి మేడలు కట్టారు. కరోనా రోజుల్లో టీవీ వాళ్ళు అందర్నీ పిలిచారు గానీ మేకల జ్వరం మనిషిని ఒక్కరూ పిలవలేదు. ఆ ఉక్రోషం నాకుంది, ఆవిడకి లేదు.

మేకల జ్వరమని నేనంటున్నది బ్రుసెల్లా అనే క్రిమి తెచ్చే జబ్బు. మేకలకీ గొర్రెలకీ గేదెలకీ వస్తే చూలు నిలవదు. వాటి పచ్చిపాలు తాగితే మనుషులకీ వస్తుంది. జ్వరం వస్తూ పోతూ నెలల తరబడి వదలదు, నడుం పట్టేస్తుంది, చొక్కా పిండుకునేంత చెమట పోస్తుంది. చాలామంది టైఫాయిడ్ అనుకుని మందులు మింగుతూ కూర్చుంటారు.

వదిన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి కరీమా. నరసరావుపేట పిల్ల. కాపరులు మంద దగ్గరే నిలబడి, చుక్క రక్తంతో ఈ జబ్బు తేల్చేసుకునే చిన్న అట్ట ఒకటి తయారుచేయాలని ఆ అమ్మాయి పట్టుదల. ఆఖరికి ఆ జబ్బు ఆ అమ్మాయికే వచ్చింది. మందులు వాడింది, తగ్గింది, ఇంటికెళ్ళింది, ఇక తిరిగి రాలేదు. ఫోన్ ఎత్తడం కూడా మానేసింది. తండ్రి పంపనంటున్నాడని స్నేహితురాళ్ళ ద్వారా తెలిసింది. నెలాఖరులోగా చేరకపోతే ఫెలోషిప్ పోతుంది, ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అదీ వదిన బాధ. తను ఒక్కతే వెళ్తే మాట చెడగొట్టుకుని వస్తుందని నేను సంచి సర్దాను.

నరసరావుపేట: గ్యారంటీ

కరీమా తండ్రి మస్తాన్ వలీ ట్రాక్టర్లూ మందు కొట్టే ఇంజన్లూ బాగుచేస్తాడు. షెడ్డు ముందు, ఇల్లు వెనక. మధ్యలో రేకుల కింద మేకలు, అన్నిటి మెడలోనూ రంగు రంగుల తాళ్ళు. మిరప కోతల కాలం కదా, షెడ్డు నిండా రైతులు, ఇంజన్లు, అరుపులు. మమ్మల్ని చూడగానే ఆయన చేతిలో స్పానర్ పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, ముందు అన్నం తినండి అన్నాడు. ఎందుకొచ్చారో ఆయనకి తెలుసు. అయినా ఆకలితో ఉన్నవాళ్ళతో గొడవ పడకూడదని అనుకున్నట్టున్నాడు.

ఆ భోజనం గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. జొన్నరొట్టె, నాటుకోడి కూర, గోంగూర, పండుమిర్చి పచ్చడి. మా గోదావరి వైపు పులుసులో బెల్లం ముక్క పడకపోతే ముద్ద దిగదు. ఇక్కడ బెల్లం అంటే పండగనాడు చూసే వస్తువులా ఉంది. పచ్చడి నాలుక మీద పెట్టుకున్నాక నా చెవుల్లోంచి ఏదో బయటికి వెళ్ళినట్టయింది. కరీమా తల్లి నవ్వాపుకుంటూ గడ్డపెరుగు తెచ్చి పోసింది. వదిన మాత్రం ప్రతిదీ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, వాసన చూసి, అప్పుడు తింటోంది. అదొక రోగం ఆవిడకి. కూరగాయల బజారులో కూడా అంతే, వంకాయని సైతం వాసన చూస్తుంది.

చేతులు కడుక్కున్నాక మస్తాన్ గారు ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. కోపంగా లేడు, అదే కష్టంగా ఉంది. పిల్లని ల్యాబ్ టెక్నీషియన్ చేద్దామనుకున్నానని, అది పైకి చదువుతానంటే బంధువులందరూ వద్దన్నా చదివించానని, ఆ పురుగులు తన బిడ్డనే పట్టుకుంటాయని తెలిస్తే పంపేవాణ్ణి కాదని చెప్పాడు. తర్వాత సూటిగా వదిన ముఖంలోకి చూశాడు.

"మేడం, నేను ఇంజన్ చేసిస్తే ఒక పంటకాలం గ్యారంటీ ఇస్తా. మా అమ్మాయికి మళ్ళా ఆ రోగం రాదని మీరు గ్యారంటీ ఇస్తారా?"

ఏ తల్లయినా, ఏ మేనమామయినా, ఆఖరికి చీటీల వ్యాపారి అయినా ఇలాంటప్పుడు "నాది పూచీ" అనేస్తాడు. మా వదిన అనదు. ఈ శాస్త్రం చదివినవాళ్ళందరికీ ఉన్న జాడ్యమిది. నూటికి నూరు పాళ్ళూ అని ఎవరూ చెప్పలేరండీ అంది. బల్ల కింద ఆవిడ కాలు గట్టిగా తొక్కాను. అర్థం చేసుకుంటేగా! పైపెచ్చు తన కథ మొదలుపెట్టింది. వయసులో ఉన్నప్పుడు, క్రిముల్ని పెంచిన గాజు పళ్ళేన్ని వాసన చూసి ఏ క్రిమో గుర్తుపట్టడం ఆనాటి ల్యాబుల్లో అలవాటట. గురువులే నేర్పేవారట. తనూ అలాగే ఒక పళ్ళెం మూత తీసి వాసన చూసిందట, ఇదే జ్వరంతో నెలలు మంచం పట్టిందట. ఏ డాక్టరూ పట్టుకోలేక పోతే చివరికి తన రక్తాన్ని తనే పరీక్ష చేసుకుని తేల్చుకుందట. అందుకే జీవితమంతా ఈ క్రిమికే ఇచ్చానని, ఇప్పుడు పళ్ళెం మూత తీయాలంటే గాజు పెట్టెలో చేతులు పెట్టి తీయాలని, కరీమాకి మొదటి రోజు నేర్పింది అదేనని చెప్పింది.

ఆవిడ చెప్పిందంతా మస్తాన్ గారు మర్యాదగా విన్నాడు.

"అయితే మీకే వచ్చిందన్నమాట," అన్నాడు.

అక్కడికి సరి. కేసు కొట్టేసినట్టే. నాకు వదినని అక్కడే రెండు పీకాలనిపించింది. అయితే ఆయన మంచితనం చూడండి, ఇంత దూరం వచ్చినవాళ్ళని పిల్లని చూడకుండా పంపడం బాగుండదన్నాడు. కరీమా మాచర్లలో పిన్ని ఇంట్లో ఉందట, గాలి మార్పు కోసం పంపారట. రేపు నేనే తీసుకెళ్తానన్నాడు. మమ్మల్ని ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడనివ్వడం ఆయనకి ఇష్టం లేదని నాకర్థమైంది.

దారిలో: చొక్కా వాసన

మర్నాడు కారులో డ్రైవర్ పక్కన ఆయన, వెనక మేమిద్దరం. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల ధూళికి చెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. చేల గట్లకి మా వైపు తాటిమట్టలో ముళ్ళకంపో కనిపిస్తాయి, ఇక్కడ నాపరాళ్ళు నిలువుగా పాతేశారు. ఎటు చూసినా పత్తి మోళ్ళు, ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. అద్దం దించితే తుమ్ములు, ఎత్తితే ఉక్క. ఏసీ వేయించాను.

మేకల గురించి నేనే అడిగాను, ఊరికే, పొద్దుపోక. ఆయన వెనక్కి తిరిగి ఉత్సాహంగా చెప్పాడు. డెంగీ బాగా వచ్చిన ఏడాది ఆయన భార్య చావు దాకా వెళ్ళి వచ్చిందట. ఎవరో మేకపాలు పట్టమన్నారు, పట్టాడు, బతికింది. ఆసుపత్రి మందులు కూడా వాడారు గానీ ఆయన నమ్మకం మేకపాల మీదే నిలిచింది. ఆ రోజే మొక్కుకున్నాడట. మేకల్ని కొని, జ్వరమొచ్చి లేచిన ఏ ఇంటికైనా పాలు ఊరికే పోస్తున్నాడు. హిందువులా ముస్లిములా అని లేదు, అడిగిన వాళ్ళకల్లా.

"పితికిన పాలు పితికినట్టే తాగాలమ్మా. కాస్తే పవర్ పోద్ది," అన్నాడు.

నా పక్కన వదిన కదిలింది. కరీమా కూడా తాగుతుందా అని చాలా మామూలు గొంతుతో అడిగింది. అది కాచందే తాగదని ఆయన నవ్వాడు. పోయిన వానాకాలం సెలవులకి వచ్చినప్పుడు బాగా నీరసంగా ఉంటే, గోరువెచ్చగా చేసి తేనె కలిపి, కాచిన పాలేనని చెప్పి రోజూ తాగించారట. చదువుకున్న పిల్లలకి అలా చెప్తేనే మేలు చేయగలమని మురిపెంగా అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. వదిన నా తొడ మీద గిల్లింది, ఇప్పటికీ నల్లగా ఉంది. తర్వాత ఆవిడ చేసిన పని చెప్పడానికే సిగ్గు. ముందు సీటు మీదికి వంగి, పరాయి మగాడి మెడ దగ్గర ముక్కు పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చింది! డ్రైవర్ అద్దంలోంచి చూసి కళ్ళు తిప్పుకున్నాడు. పాపం మస్తాన్ గారు రోడ్డు చూస్తున్నాడు. అప్పుడు గమనించాను, అంత ఏసీలోనూ ఆయన చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది.

గురజాల: కళ్ళంలో

గురజాల దాటకముందే ఆయన కారు ఆపమన్నాడు. దిగడానికి తలుపు పట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, కాసేపు అలాగే ఉండిపోయాడు. ఇంజన్ల కింద పడుకుని పడుకుని వచ్చిన నొప్పని, మెకానిక్కులందరికీ ఉండేదేనని చెప్పి, టీ చెప్పడానికి బంకు వైపు వెళ్ళాడు.

రోడ్డు పక్కనే మిరప కళ్ళం. ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళ పక్కన చతికిలబడి నేనూ నాలుగు కాయలు ఏరాను, అంతటితో ఆగక ఆ చేత్తోనే కళ్ళు నలుపుకున్నాను. ఇంకేముంది, లబోదిబో. ఒకామె నీళ్ళ బిందె వంచి నా ముఖం కడుగుతూ, "ఏ ఊరు పిన్నీ మీది, మిరపకాయ కూడా ఎరగరా?" అంది. అందరూ నవ్వారు. కాకినాడ అంటే కాజాలు తేలేదేందని నిలదీశారు.

ఆ గోల సద్దుమణిగాక, ఒక కన్ను మూసుకుని వదినని పక్కకి లాగాను. ఏమిటా వాసన చూడడం అని అడిగాను.

"తడిసి ముక్కిన ఎండుగడ్డి వాసన వస్తోందే రమణీ ఆయన చెమట. నాకు జ్వరం వచ్చినన్నాళ్ళూ నా పక్కబట్టలదీ అదే వాసన."

ఇంక నాకు ఆగుతుందా. అయితే చెప్పెయ్యి, జబ్బు నీ ల్యాబులోది కాదు, వాళ్ళింటి పాలల్లోదని చెప్పెయ్యి, పిల్లని కారులో ఎక్కించుకుని పోదాం అన్నాను. వదిన తల అడ్డంగా ఊపింది. వాసన సాక్ష్యం కాదంది. పైగా ఆయన ఆ పాలు దేవుడి పేరు మీద పోస్తున్నాడు, నిన్న రోగం తెచ్చిందనుకున్న మనిషే ఇవాళ నీ పాలే రోగమంటే ఎందుకు నమ్మాలి అంది. ఆ మాట చెప్పగలిగితే కరీమానే చెప్పాలి. చెప్పే ముందు రక్తం చూడాలి. వదిన సంచిలో ఐసుపెట్టె ఉంది, కరీమాకి తగ్గిందో లేదో మళ్ళీ పరీక్ష చేద్దామని తెచ్చుకున్నది. ఆ పెట్టెని మాచర్ల దాకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

మాచర్ల: తెల్ల పింగాణీ పళ్ళెం

కరీమా పిన్ని ఇంట్లో అరుగు నుంచి వంటగది దాకా నాపరాళ్ళే, పాదాలకి చల్లగా హాయిగా ఉంది. కరీమా బయటికొచ్చింది. వదిన చూపించిన ఫొటోలోని పిల్ల కాదు, సగమైంది. వదినని చూసి ముందు తలుపు చాటుకి జరిగింది, తర్వాత వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చింది.

తన జబ్బుని తనే తెచ్చుకున్న శాస్త్రవేత్త అని అందరూ నవ్వుతారని ఫోన్ ఎత్తలేదట. ల్యాబులో ఎప్పుడు, ఎక్కడ తప్పు చేశానా అని రాత్రీ పగలూ వెతుక్కుంటోందట. గాజు పెట్టె బయట ఒక్కసారి కూడా మూత తీయలేదు, అయినా ఎక్కడో తీసే ఉంటాను మేడం, నాకే గుర్తులేదేమో అంది. ఇంత చదువు చదివి, చెయ్యని తప్పుని ఒప్పుకుని కూర్చుంది పిచ్చిపిల్ల. ఇన్ని నెలలూ ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక ఎంత నలిగిపోయిందో!

మస్తాన్ గారు అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మేకల సంగతీ పాల సంగతీ వదిన ఏమీ ఎత్తలేదు. "మీ నాన్నగారిని ఒకసారి పేషెంట్‌లాగా అడగమ్మా, నేను వింటాను," అంది అంతే.

కరీమా కన్నీళ్ళు తుడుచుకుని తండ్రి వైపు తిరిగింది. ఆ చొక్కా చూసింది, నడుం వెనక పెట్టుకున్న దిండు చూసింది. చెమటలు ఎప్పట్నుంచని అడిగింది. జ్వరం సాయంత్రం పూట వస్తోందా అంది. మొదట ఆయన విసుక్కున్నాడు, తర్వాత ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు. మాత్ర వేసుకుని పనిలోకి పోతున్నానని, మీ అమ్మకి చెప్పబాకని అన్నాడు. అప్పుడా అమ్మాయి పాల గురించి అడిగింది. అందరూ వింటుండగా కూతురితో అబద్ధం ఆడలేక, తేనె కలిపిన గోరువెచ్చటి పాల సంగతి కూడా ఆయనే చెప్పాడు.

కరీమా లేచింది. ఐసుపెట్టె తెరిచి, తొడుగులు వేసుకుని, తండ్రి చొక్కా చెయ్యి పైకి మడిచింది. ఇంజన్ ఆయిల్ మరకలున్న ఆ చేతిలో నరం మొదటిసారికే దొరికింది. తర్వాత తన రక్తం వదిన చేత తీయించుకుంది. రక్తం గడ్డకట్టి పైన తేట తేరే దాకా భోజనాలు కానిచ్చాం. పిన్ని చేసిన దోసకాయ పప్పు చాలా బాగుందట, నాకు మాత్రం రుచి తెలియలేదు.

కరీమా తన తేటని ల్యాబుకని పెట్టెలో దాచి, పిన్ని ఇచ్చిన తెల్ల పింగాణీ పళ్ళెం బోర్లించి, దాని మీద తండ్రి రక్తపు తేట ఒక చుక్క, పక్కనే ఐసుపెట్టెలోంచి తీసిన గులాబీ రంగు మందు చుక్క వేసి, పుల్లతో కలిపింది. ఏమీ లేకపోతే రంగు నున్నగా అలాగే ఉంటుందట. నేను ఆ పళ్ళెం మీంచి చూపు తిప్పలేదు. చూస్తుండగానే ఆ గులాబీ రంగు విరిగిన పాలలా చిన్న చిన్న పలుకులు కట్టింది.

ఇది మొదటి పరీక్షేనని, ల్యాబులో ఇంకోటి చేసి నిర్ధారించాలని వదిన తన అలవాటు ప్రకారం అంది. ఈసారి ఆవిడ కాలు తొక్కలేదు. మస్తాన్ గారు పళ్ళెం వైపు చూస్తూ, అమ్మాయి నుంచి నాకు అంటుకుందా అని అడిగాడు.

"మనిషి నుంచి మనిషికి దాదాపు రాదు, అబ్బాజాన్. మన మేకల నుంచి వచ్చినట్టుంది. నాకూ అక్కణ్ణించే అయ్యుండాలి. మందులున్నాయి, తగ్గిపోతుంది," అంది కరీమా.

ఆయనకి తన జబ్బు పట్టలేదు. ల్యాబు మీద నింద పోయిందనీ పట్టలేదు. ఎటో చూస్తూ వేళ్ళు మడుస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి, ఏవో పేర్లు అనుకుంటున్నాడు. కాసేపటికి గానీ నాకు తట్టలేదు, ఆయన పాలు పోసిన ఇళ్ళని తలుచుకుంటున్నాడు.

"ఎంతమందికి పోశానే," అన్నాడు కూతురితో. "పుణ్యమని పోశానే. మన బజారు బజారంతా తాగిందే."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత మనిషి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. వదిన, గ్యారంటీ ఇవ్వని మా వదిన, లేచి వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. జ్వరమొచ్చిన వాళ్ళ బాగు కోరి చేశారు, తాగిన ప్రతివాళ్ళకీ రాదు, వచ్చినా తగ్గించవచ్చు, ఆలస్యం చేయకపోతే చాలు అంది. ఆయన చేత ఇంటికి ఫోన్ చేయించి, ఇవాళ్టి నుంచి చుక్క పాలు కూడా పచ్చివి పోయొద్దని, మేకల్ని వేరే వాళ్ళకి అమ్మొద్దని భార్యకి చెప్పించింది. పశువుల డాక్టరుకీ, ఆసుపత్రి డాక్టరుకీ తనే ఫోన్ చేసి మాట్లాడింది.

సాయంత్రం అయింది. ఆయన తల ఎత్తాడు.

"వాళ్ళందరి రక్తం నువ్వు తీయగలవా?"

తీస్తానంది కరీమా.

"నిజంగా ఉందో లేదో తేల్చాలంటే యాడికి తీసుకుపోవాల?"

"విశాఖపట్నం. మా ల్యాబుకి."

"అయితే తీసుకొని పో," అన్నాడు. "నెలాఖరు దాకా ఎందుకు, ఎంత తొందరగా అయితే అంత తొందరగా పో. నా మూలంగా ఆగబాక."

వదిన ముక్కు చీదుకుంది. నేను వంటింట్లోకెళ్ళి అందరికీ టీ పెడతానని పిన్నికి అడ్డం పడ్డాను. నాకు ఎంత సంతోషంగా ఉందో అంత భయంగానూ ఉంది, ఆ బజారుకి, అదే వాళ్ళ వీధికి, వెళ్ళి ఈయన ఏమని చెబుతాడా అని.

మళ్ళీ నరసరావుపేట

మర్నాడు ఆయన షెడ్డు తెరవలేదు. వచ్చిన రైతుల్ని రేపు రమ్మన్నాడు. నేనైతే ఆసుపత్రి వాళ్ళు పరీక్షల శిబిరం పెట్టారని చెప్పమని సలహా ఇచ్చాను, అలా అయితే ఎవరికీ మనసు కష్టం ఉండదు కదా. ఆయన నా వైపు చూసి, వద్దమ్మా అన్నాడు. ఐసుపెట్టె తనే పట్టుకున్నాడు. పక్కన కరీమా, వెనక మేమిద్దరం.

మొదటి ఇల్లు ఆ వీధిలో అందరూ పుల్లమ్మక్క అని పిలిచే పెద్దావిడది. కీళ్ళ నొప్పులని, జ్వరం వచ్చి పోతోందని ఆవిడ ఎప్పుడూ అంటూ ఉంటుందట. మాసిన చీరలో గుమ్మంలోకి వచ్చి, ఇంతమందిని చూసి నవ్వింది.

"ఏంది మస్తానూ, ఇయ్యాళ పాలు తేలేదే?" అంది.

చుట్టుపక్కల గుమ్మాల్లో నలుగురు తొంగి చూస్తున్నారు. ఆయన చెప్పులు విప్పాడు, ఎందుకు విప్పాడో ఆయనకే తెలియాలి. వాళ్ళకి కూడా వినపడేంత గట్టిగానే చెప్పాడు.

"ఆ పాలు మంచివి కావక్కా. నీకు పోసింది నేనే. దానివల్ల నీకేమన్నా అయ్యిందేమో చూడ్డానికి మా అమ్మాయిని తీసుకొచ్చా. దీని చదువు అదే."

పుల్లమ్మక్క నవ్వు ఆగిపోయింది. ఆయన్నీ, ఆయన చేతిలో పెట్టెనీ, తర్వాత కరీమానీ చాలాసేపు చూసింది. లోపలికెళ్ళి, ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసుకుని కూర్చుంది. కరీమా ఎదురుగా నేల మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.